కడుపు చల్లగా ఉండాలంటే

మన పెద్దవారు ఎవరికైనా మేలు కోరినప్పుడు "నీ కడుపు చల్లగుండ" అంటారు. ఆ మాటలో బిడ్డల క్షేమము ఉన్నది, ఆకలి తీరిన తృప్తి కూడా ఉన్నది. కడుపు బాగుంటేనే మనిషి బాగుంటాడన్న సంగతి మన పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఈ కాలములో ఆ చల్లదనాన్ని చిన్న సీసాలలోను, మాత్రల అట్టలలోను పెట్టి అమ్ముతున్నారు. వాటికి ప్రోబయోటిక్ అని పేరు. "ఇవి నిజముగా పనిచేస్తాయా అయ్యగారూ? పట్నములో ఉన్న మా పిల్లవాడిని కొనుక్కొమ్మని చెప్పమంటారా?" అని మా సంఘములోని తల్లులు అడుగుతున్నారు. మేము వైద్యులము కాము. కాని ఈ ప్రశ్న పదేపదే ఎదురైనందున, తెలిసిన డాక్టర్లను అడిగి, చదువగలిగినంత చదివి, మా కళ్ళయెదుట జరిగిన ఒక సంగతిని కూడా చేర్చి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పాలు ఎటు పోతున్నాయి?

మేము సేవ చేసే గ్రామాలు వికారాబాదు వైపు ఉన్నవి. వేకువ ప్రార్థన ముగించుకొని వీధిలోకి వచ్చే వేళకు పాల కేంద్రము దగ్గర వరుస కట్టి ఉంటారు. కేంద్రమాయన పాలలో వెన్న శాతము చూసి చీటీ వ్రాస్తాడు. గేదె పాలలో వెన్న ఎక్కువ గనుక ధర కూడా ఎక్కువ పలుకుతుంది. పదిహేను రోజులకొకసారి వచ్చే ఆ డబ్బుతోనే దాణా కొనాలి, పిల్లల ఫీజు కట్టాలి, అప్పు మీద వడ్డీ తీర్చాలి. పాడి లేకపోతే మా గ్రామాలలో చాలా కుటుంబాలు ఈపాటికి వలస పోయి ఉండేవి. గనుక పాలు అమ్ముకోవడాన్ని మేము తప్పుపట్టము.

అయితే ఒక్క తేడా గమనించండి. పూర్వము మన ఇండ్లలో దాలిలో పిడకల నిప్పు మీద పాలు మధ్యాహ్నము వరకు కాగి, ఎర్రని మీగడ కట్టేవి. రాత్రి తోడు వేసి, తెల్లవారి కవ్వముతో చిలికేవారు. వెన్న, నెయ్యి అమ్ముకున్నా మజ్జిగ మాత్రము ఇంట్లోనే మిగిలేది. ఇంటివారు త్రాగగా మిగిలినది పాడి లేని ఇరుగుపొరుగుకు ఊరకే పోసేవారు. చల్లకు వచ్చి ముంత దాచడమెందుకన్న సామెతలో ఆ రోజులే కనబడతాయి. ఇప్పుడు పాలు పాలుగానే అమ్ముడుపోతున్నాయి గనుక వెన్నతో బాటు మజ్జిగ కూడా ఊరు దాటిపోతున్నది. రెండు గేదెలున్న ఒక తల్లి మాతో అన్నది: "అయ్యగారూ, మా పాలు కేంద్రానికి పోతయి. మా పిల్లలకు చాయల పొయ్యనీకే మిగుల్తయి. సల్ల అయితే ఎండకాలం కూడ ఇంట్ల ఉంటలేదు."

అదే తల్లి కొడుకు పట్నములో రోజుకొక ప్రోబయోటిక్ సీసా కొని త్రాగుతున్నాడు. ఆ సంగతి తరువాత చెబుతాము.

రాళ్ళ గుట్టల చోట అద్దాల మేడలు

మాదాపూరు ఒకప్పుడు గుట్టలు, పొలాలు ఉన్న పల్లెటూరు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి అక్కడ సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించిన నాటినుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీ అయినది. గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గము అన్నీ కలిసిపోయి సైబరాబాదు అయినవి. 2019 మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీకి వచ్చినది, అదే సంవత్సరము నవంబరులో రాయదుర్గానికి చేరినది. మా గ్రామాల పిల్లలు లింగంపల్లిలో రైలు దిగి అక్కడినుండి పనులకు పోతారు.

వారిలో కంప్యూటరు ముందు కూర్చునేవారు కొందరే. రాత్రంతా గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ వారు, కారు డ్రైవర్లు, అంతస్తులు తుడిచే ఆడపిల్లలు, హాస్టళ్ళలో వంట చేసేవారు, బండి మీద భోజనము మోసుకుపోయేవారు చాలామంది. జీతాలలో తేడా ఉన్నది గాని కడుపుల గతి మాత్రము దాదాపు ఒకటే. రాత్రి మెలకువ, పగలు నిద్ర. టిఫిను వేళకు టీ, భోజనము వేళకు సమోసా, అర్ధరాత్రి బిర్యాని, దాని మీద చల్లని తీపి సోడా. ఆకుకూర కంటికి కనబడదు. పెరుగు ఉంటే కప్పులో రెండు చెంచాలు, లేకపోతే లేదు.

దీని ఫలితము లెక్కలలో కూడా తేలినది. హైదరాబాదు విశ్వవిద్యాలయము వారు, గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కలిసి హైదరాబాదులోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, ఆ వివరాలను 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే పత్రికలో ప్రచురించారు. వారిలో 84 శాతము మందికి కాలేయములో కొవ్వు చేరి ఉన్నది. 71 శాతము మందికి ఊబకాయము ఉన్నది. వీరంతా ముసలివారు కారు, ఉద్యోగము చేసుకునే వయసువారు. పేగులనుండి వచ్చే రక్తము ముందుగా కాలేయానికే చేరుతుంది గనుక పేగుల ఆరోగ్యానికి, కాలేయానికి దగ్గర సంబంధము ఉన్నది. అందువలన ఆ వీధులలోని మందుల షాపుల అద్దాల వెనుక ప్రోబయోటిక్ డబ్బాలు వరుసగా కనబడడములో ఆశ్చర్యము లేదు.

పేగులలోని ఊరు

మన పేగులలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురముంటాయి. ఒక మనిషి శరీరములో వాటి సంఖ్య సుమారు 38 లక్షల కోట్లు ఉంటుందని శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. వాటిలో అత్యధిక భాగము పెద్ద పేగులోనే ఉంటాయి. అంతా కలిపి తూచితే పావు కిలో కూడా ఉండవు గాని అవి చేసే పని చాలా పెద్దది.

మనము తిన్న జొన్న, రాగి, పప్పు, ఆకుకూరలలో ఉండే పీచును మన కడుపు అరిగించుకోలేదు. పెద్ద పేగులోని ఆ జీవులు దానిని పులియబెట్టి కొన్ని ఆమ్లాలుగా మార్చుతాయి. ఆ ఆమ్లాలే పేగు లోపలి పొరకు ఆహారము. కొన్ని విటమినులను కూడా అవి తయారుచేస్తాయి. మేలు చేసే జీవులు నిండుగా ఉన్నచోట రోగక్రిములకు నిలువ నీడ దొరకదు. బండిలో సీట్లన్నీ నిండి ఉంటే దొంగకు చోటెక్కడ?

ఇక రోగనిరోధక శక్తి విషయము. మన శరీరానికి కావలి కాసే కణాలు పేగుల గోడల వెంబడి కూడా చాలా ఉంటాయి. రోజూ బయటి పదార్థము ఎక్కువగా లోపలికి వచ్చే ద్వారము అదే గనుక కావలి కూడా అక్కడే గట్టిగా ఉన్నది. ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో ఆ కణాలు నేర్చుకునేది చిన్ననాటినుండి పేగులలోని జీవులతో కలిసి ఉండడము వలననే. చంటిబిడ్డకు తల్లిపాలు అమృతమని ఊరకే అనలేదు. తల్లిపాలలోని ఒక విధమైన చక్కెరను బిడ్డ అరిగించుకోలేదు. అది బిడ్డ పేగులోని మేలుచేసే జీవులకు మేతగా ఉన్నది.

రైతులకు తెలిసిన పోలిక ఒకటి చెబుతాము. కలుపు చావాలని పొలమంతా గడ్డిమందు కొడితే అక్కరకువచ్చే మొక్క కూడా వాడిపోతుంది. యాంటీబయాటిక్ మందులు పేగులలో చేసేది అలాంటిదే. ప్రాణము నిలబెట్టడానికి అవి అవసరమైన వేళ తప్పక వాడాలి, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. అవసరము లేనిచోట, మందుల షాపులో అడిగి రెండు మాత్రలు కొని మింగితే పేగులలోని ఊరు ఊరంతా చెదిరిపోతుంది.

తోడు చుక్క కథ

పెరుగులో ఉన్న జీవిని మొదట గుర్తించినవాడు బల్గేరియా దేశపు వైద్య విద్యార్థి స్టామెన్ గ్రిగొరోవ్. 1905లో జెనీవాలో చదువుకుంటూ తన దేశపు పెరుగును సూక్ష్మదర్శినిలో పరీక్షించి ఆ బాసిల్లస్‌ను కనుగొన్నాడు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసే ఎలీ మెచ్నికోఫ్ ఆ సంగతి విని, బల్గేరియా పల్లె ప్రజలు దీర్ఘాయువుతో ఉండడానికి పుల్లని పాలే కారణమని వాదించాడు. ఆయనకు 1908లో నోబెల్ బహుమతి వచ్చినది గాని అది పెరుగును గూర్చి కాదు, శరీరములోని తెల్ల కణాలు క్రిములను మింగివేస్తాయని చూపినందుకు. పెరుగు వలన ఆయుష్షు పెరుగుతుందన్న ఆయన మాట అలాగే రుజువు కాలేదు. అయినా ఆ మాట ప్రపంచమంతా పాకినది. జపాను వైద్యుడు మినోరు షిరోటా కడుపులోని ఆమ్లానికి చావని ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని 1930లో ఎంచి పెంచాడు. 1935లో దానిని పులిసిన పాల పానీయముగా అమ్మడము మొదలుపెట్టారు. అదే యాకుల్ట్. ఇప్పుడు మన దేశములో కూడా దొరుకుతున్నది.

2001లో ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ప్రోబయోటిక్ అంటే ఏమిటో నిర్ణయించాయి. దానిని మన మాటలలో చెప్పుకుంటే మూడు షరతులు ఉన్నవి. ఆ జీవి ప్రాణముతో ఉండాలి. చాలినంత సంఖ్యలో ఉండాలి. దాని వలన ఆరోగ్యానికి మేలున్నట్టు రుజువు కావాలి.

మరి మన ఇంటి పెరుగు ప్రోబయోటిక్ అవుతుందా? అందులో జీవులు ప్రాణముతోనే ఉన్నవి, కోట్ల సంఖ్యలో ఉన్నవి. కాని మీ ఇంటి తోడులో ఏ రకము ఉన్నదో, పక్కింటి తోడులో ఏ రకము ఉన్నదో ఎవరూ కొలిచి చూడలేదు. వాటిలో చాలా భాగము కడుపులోని ఆమ్లానికే చస్తాయి. గనుక మూడవ షరతు దగ్గర శాస్త్రము ఆగిపోతుంది. అంతమాత్రాన పెరుగు పనికిరానిది కాదు. పాలలోని చక్కెర దక్షిణ భారతదేశములో చాలామంది పెద్దలకు అరగదు, త్రాగితే కడుపు ఉబ్బుతుంది. పెరుగులోని జీవులు ఆ చక్కెరను కొంత తినివేసి, మిగిలినది అరగడానికి సాయపడతాయి. ఈ ఒక్క గుణము చక్కగా రుజువైనదని 2010లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఒప్పుకున్నది. పాలు పడనివారికి పెరుగు పడడములోని రహస్యము ఇదే. మాంసకృత్తులు, కాల్షియము, బి-12 విటమిను అదనపు లాభము.

పరీక్షలలో తేలినదేమి?

ఈ విషయమై జరిగిన పరీక్షలలో మన దేశానివి రెండు గొప్పవి ఉన్నవి. మొదటిది కలకత్తాలోని ఒక మురికివాడలో జరిగినది. 1 నుండి 5 ఏండ్ల వయసుగల 3,758 మంది పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 12 వారాలు రోజూ ప్రోబయోటిక్ పాల పానీయము, రెండవ గుంపుకు జీవులు లేని పానీయము ఇచ్చారు. మొదటి గుంపులో 608 మందికి, రెండవ గుంపులో 674 మందికి విరేచనాలు అయినవి. 2011లో వెలువడిన ఆ వివరాల ప్రకారము లాభము సుమారు 14 శాతము. లాభము ఉన్నది గాని కొద్దిది.

రెండవది ఒడిశా గ్రామాలలో జరిగినది. డాక్టర్ పినాకి పాణిగ్రాహి, వారి సహచరులు 4,556 మంది నవజాత శిశువులతో చేసిన ఈ పరీక్ష 2017లో నేచర్ పత్రికలో వెలువడినది. తల్లిపాలు త్రాగుతున్న, తగిన బరువు ఉన్న శిశువులకు ఏడు రోజులు ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని, దానికి మేత అయిన చక్కెరతో కలిపి ఇచ్చారు. రక్తము విషమయ్యే సెప్సిస్ జబ్బు గాని మరణము గాని సంభవించిన శిశువులు ఒక వైపు 9 శాతము ఉండగా, మందు పొందిన వైపు 5.4 శాతమే ఉన్నారు. ఇది చాలా గొప్ప మేలు. అయితే ఆ జీవి పెరుగులోనుండి తీసినది కాదు, పాణిగ్రాహి గారు ఎన్నో ఏండ్లు వెదకి ఎంచిన ప్రత్యేకమైన రకము. షాపులో దొరికే ఏ పొట్లమైనా అదే పని చేస్తుందని అనుకోరాదు. నెలలు నిండని శిశువులకు ఇలాంటివి ప్రమాదము కలిగించవచ్చునని 2023లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ హెచ్చరించినది. గనుక డాక్టరు చెప్పకుండా చంటిపిల్లల నోట ఏమీ వేయకండి.

వ్యతిరేకముగా తేలినవి కూడా ఉన్నవి. 2018లో అమెరికాలోను, కెనడాలోను విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన పిల్లలకు పేరుపొందిన ప్రోబయోటిక్‌లు ఇచ్చి చూడగా ఏ లాభమూ కనబడలేదు. యాంటీబయాటిక్ వాడుతుండగా వచ్చే విరేచనాలను కొన్ని రకాలు తగ్గిస్తాయని ఎన్నో పరీక్షలు చెబుతున్నవి. కాని ఇశ్రాయేలు దేశపు వైజ్‌మన్ సంస్థవారు 2018లో చూపినదేమంటే, యాంటీబయాటిక్ తరువాత పదకొండు రకాల జీవులున్న మాత్రలు మింగినవారికి తమ సొంత జీవులు తిరిగి కుదురుకోవడము ఆలస్యమైనది. కొత్తగా వచ్చినవారు ఇల్లు ఆక్రమించి పాతవారిని రానివ్వలేదన్నమాట.

మరొకటి సంతోషకరమైనది. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో 36 మంది పెద్దలలో సగము మందిచేత పది వారాలు పెరుగు, పులియబెట్టిన కూరగాయలవంటి ఆహారము ఎక్కువగా తినిపించారు. వారి పేగులలో జీవుల రకాలు పెరిగినవి, శరీరములో వాపును సూచించే 19 రకాల ప్రోటీనులు తగ్గినవి. మంది తక్కువే గాని, మాత్ర లేకుండా రోజువారీ ఆహారముతోనే మేలు కలుగుతుందన్న ఆశ అందులో ఉన్నది.

ఒక తల్లి, ఒక కొడుకు

పైన చెప్పిన తల్లి కొడుకు రాయదుర్గములో ఒక ఆఫీసు మేడ దగ్గర రాత్రి కావలి పని చేసేవాడు. కొండాపూరు ప్రక్కన ఒక గదిలో ఆరుగురు కుర్రవాళ్ళతో ఉండేవాడు. అతనికి మాటిమాటికి విరేచనాలు, కడుపునొప్పి మొదలైనవి. సెలవు పెడితే జీతము కోస్తారు గనుక మందుల షాపులో అడిగి మాత్రలు మింగేవాడు. రెండు రోజులు తగ్గేది, పది రోజులకు మళ్ళీ వచ్చేది. యాంటీబయాటిక్ వలన పేగులు పాడైనవి, ప్రోబయోటిక్ వాడమని స్నేహితులెవరో చెప్పారు. సీసాలకు, మాత్రలకు కలిపి నెలకు రెండు వేలకు పైగా ఖర్చు. ఇంటికి పంపే డబ్బు తగ్గినది. తల్లి ఇంకొక లీటరు పాలు కేంద్రానికి ఎక్కువ పోసినది.

ఐదు నెలల తరువాత పండుగకు అతడు ఊరికి వచ్చినప్పుడు మేము వారి ఇంటికి వెళ్ళాము. మనిషి పదకొండు కిలోలు తగ్గి, చొక్కా వ్రేలాడుతున్నది. సాయంకాలమైతే ఒళ్ళు వెచ్చబడుతున్నదని, రాత్రి చెమటలు పడుతున్నవని తల్లి చెప్పినది. మా శ్రీమతి అతని చెయ్యి పట్టి చూసి, "నాయనా, ఇది సీసాతో పోయే జబ్బు కాదు, రేపే డాక్టరు దగ్గరికి పోదాము" అన్నది. "నెలాఖరుకు పోతా అమ్మగారూ, డ్యూటీ ఉంది" అన్నాడు. తల్లి ఊరుకోలేదు. మరునాడే అతనిని వెంటబెట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాము. స్కానింగ్ తీశారు, గొట్టము వేసి పేగు లోపలి ముక్క తీసి పరీక్షించారు. పేగులకు క్షయ అని తేలినది.

క్షయ ఊపిరితిత్తులకే వస్తుందని మన పల్లెలలో చాలామంది అనుకుంటారు. అది పేగులకు కూడా వస్తుంది. పచ్చిపాల ద్వారా కూడా కొన్నిసార్లు వస్తుంది. విరేచనాలకు ఇచ్చే కొన్ని యాంటీబయాటిక్‌లు క్షయ క్రిమిని కొంతకాలము అణచి ఉంచి, జబ్బు బయటపడకుండా చేస్తాయని డాక్టరుగారు మాకు చెప్పారు. ఆరు నెలలు మందులు ఉచితముగా ఇచ్చారు. క్షయ రోగుల పోషణకు ప్రభుత్వము ఇచ్చే సహాయము 2024 నవంబరునుండి నెలకు 1,000 రూపాయలు అయినది, ఆ డబ్బు అతని ఖాతాలో పడినది. తల్లి ఆ ఆరు నెలలు ఒక పూట పాలు కేంద్రానికి పోయలేదు. కోడిగుడ్డు, పప్పు, పెరుగన్నము పెట్టి కొడుకును నిలబెట్టినది. ఇప్పుడతడు మళ్ళీ పనిలోకి వెళ్ళాడు, పగటి డ్యూటీ అడిగి తీసుకున్నాడు.

అతనిని బాగుచేసినది క్షయ మందు. పెరుగన్నము చిక్కిన శరీరానికి బలమిచ్చినది. సీసా ఈ రెండు పనులలో ఏదీ చేయలేదు. దాని మీద నమ్మకముంచి ఐదు నెలలు ఆలస్యము చేయడమే అపాయమైనది. మలములో రక్తము, కారణము లేకుండా బరువు తగ్గడము, విడవని జ్వరము, నిద్రలోనుండి లేపే కడుపునొప్పి, రెండు వారాలు దాటిన విరేచనాలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పెరుగు, సీసా, ఆకు పసరు అన్నీ ప్రక్కనబెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

సీసా మీద చీటీ చదవండి

చిన్నపిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్ త్రాగించాలని మనకు తెలుసు. ఆ పేరునే డబ్బా మీద అచ్చువేసి, చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలు ఎన్నో ఏండ్లు అమ్మారు. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేండ్లు పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆజ్ఞ ఇచ్చినది. పేరు వేరు, లోపలి సరుకు వేరు అన్న సంగతి ప్రోబయోటిక్ విషయములో కూడా మరువరాదు.

మన దేశపు నియమము ప్రకారము ప్రోబయోటిక్ ఆహారములో ఒక రోజు మోతాదుకు పది కోట్లకు తక్కువ కాకుండా జీవులు ఉండాలి. గనుక కొనేవారు చీటీ మీద జీవి పూర్తి పేరు, సంఖ్య, గడువు తేదీ, చక్కెర ఎంత అన్నవి చూడాలి. చల్లగా ఉంచవలసిన సరుకు ఎండలో బయట పెట్టిన షాపులో కొంటే, చచ్చిన జీవులకు డబ్బిచ్చినట్టే. కాన్సరు మందులు వాడేవారు, అవయవ మార్పిడి జరిగినవారు డాక్టరును అడగకుండా వీటిని వాడరాదు.

ఇంటిలో చేయవలసినవి

మా సంఘ కుటుంబాలకు మేము చెప్పేది ఇదే. మొదటిది, కేంద్రానికి పాలు పోసేముందు ఇంటి వాటా తీసి ప్రక్కన పెట్టండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు రోజుకు 2,000 కాలరీల భోజనములో 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు ఉండాలని చెబుతున్నారు. అంత సాధ్యము కానివారు పిల్లలకు, గర్భిణులకు ఒక గ్లాసైనా మిగల్చండి. రెండవది, పాలు బాగా పొంగేవరకు కాచి, గోరువెచ్చగా అయిన తరువాతనే శుభ్రమైన గిన్నెలో తోడు వేయండి. మజ్జిగలో కలిపే నీరు కూడా మంచిదై ఉండాలి. అక్కడ జాగ్రత్త తప్పితే మేలు చేయవలసిన మజ్జిగే జబ్బు తెస్తుంది. మూడవది, పెరుగొక్కటే చాలదు, పేగులలోని జీవులకు మేత కావాలి. జొన్నరొట్టె, రాగి అంబలి, పప్పులు, ఆకుకూరలు, జామపండు ఆ మేత. నాలుగవది, ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. టీకాలు తప్పనివ్వకండి. విరేచనాల బారినుండి కాపాడే రోటావైరస్ టీకా మన హైదరాబాదులోనే తయారవుతున్నది, 2016లో దానిని ఉచితముగా వేయడము మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పట్నములో ఉన్న బిడ్డలకు కూడా ఒక మాట. గదిలో ఆరుగురు ఉంటే రోజుకొకరు అర లీటరు పాలు తోడు వేయడము పెద్ద పని కాదు. నైటు డ్యూటీకి పోయేముందు ఇంత అన్నములో పెరుగు కలుపుకొని డబ్బాలో పెట్టుకోండి. అది బిర్యాని కంటే చవక, కడుపుకు తేలిక. నెలకొకసారి ఊరికి వచ్చినప్పుడు మీ ఆరోగ్యము గూర్చి మీ అమ్మతో దాచకుండా చెప్పండి.

తల్లులారా, పిల్లల ఫోను వచ్చినప్పుడు "తిన్నావా?" అని అడుగుతారు. ఇకనుండి "ఏమి తిన్నావు, కడుపు ఎట్లున్నది, బరువు తగ్గలేదు గదా?" అని కూడా అడగండి. సీసా కొనాలా వద్దా అన్న సంగతి తరువాత చూసుకోవచ్చును. ముందు ఇంట్లో ఒక గిన్నె పాలకు తోడు వేయండి. మీ అందరి కడుపులు చల్లగా ఉండాలని కోరుతున్నాము.